చేతిలో చేయి పెట్టినావిడ: ఒక బహుభార్యా కుటుంబం విడిపోయిన కేసు

నేను యూటా రాష్ట్రంలో పదమూడేళ్ళుగా ఫ్యామిలీ థెరపిస్టుగా పనిచేస్తున్నాను. పుట్టి పెరిగింది తెనాలి దగ్గర ఒక పల్లెలో. ఇక్కడి కేసుల గురించి ఎప్పుడైనా రాస్తే ఇంగ్లీషులోనే రాస్తాను, తోటి థెరపిస్టులు చదువుతారని. ఇది మాత్రం తెలుగులో రాస్తున్నాను. ఈ కేసులో నేను మొదట దారి తప్పింది ఒక తెలుగు మాట వల్ల.

రాయడానికి అనుమతి తీసుకున్నాను. ఊరు, వయసులు, పిల్లల లెక్క, చేసే పనులు మార్చాను. ఒకటి రెండు చోట్ల వేరే క్లయింట్ల సంగతులు ఇందులో కలిపేశాను. ఆ ఇంటిని చిత్రీకరించిన టీవీ కంపెనీ పేరు రాయను. మనుషులకు దొంగ పేర్లు పెట్టడం నాకు ఇష్టం లేదు కాబట్టి మన ఇళ్ళలో పిలిచే వరసే వాడుకుంటున్నాను: పెద్దావిడ, నడిపావిడ, చిన్నావిడ. నా క్లయింట్ నడిపావిడ.

నేపథ్యం

యూటాలో బలంగా ఉన్న మతసంస్థ మార్మన్ చర్చి 1890లో బహుభార్యత్వాన్ని వదిలేసింది. యూటా 1896లో రాష్ట్రమైనప్పుడు అలాంటి పెళ్ళిళ్ళు ఎప్పటికీ నిషిద్ధమని రాజ్యాంగంలోనే రాసుకున్నారు. అయినా కొందరు ఆ ఆచారాన్ని పట్టుకునే ఉన్నారు. వాళ్ళని ఫండమెంటలిస్టులంటారు. చర్చికి వాళ్ళతో సంబంధం లేదు, ఆచారం కొనసాగిస్తే వెలేస్తుంది కూడా. వీళ్ళలో కొందరు సొంత గుంపులుగా, పెద్దల మండలి కింద ఉంటారు. ఏ గుంపులోనూ చేరకుండా తమ ఇంటి మట్టుకు తాము బతికేవాళ్ళు ఇండిపెండెంట్లు. నా క్లయింట్ కుటుంబం రెండో రకం. ఈ తేడా తర్వాత పనికొస్తుంది, గుర్తుపెట్టుకోండి.

ఇలాంటి ఇళ్ళలో చట్టం దగ్గర నమోదయ్యేది ఒక్క పెళ్ళి. మిగతావి దేవుడి ముందు జరిగినవి. ఆ ఇంట్లో పెద్దావిడది చట్టబద్ధమైన పెళ్ళి. నడిపావిడ 21 ఏళ్ళప్పుడు వచ్చింది, ఆ ఇంట్లో ఇరవయ్యేళ్ళుంది. చిన్నావిడ 2013లో వచ్చింది. ముగ్గురికీ కలిపి 11 మంది పిల్లలు. రోజూ భోజనానికి కూర్చునేది 15 మంది.

2020 వరకు యూటాలో ఇలా బతకడం అయిదేళ్ళ దాకా జైలు పడగల నేరం. ఆ ఏడాది చట్టం మార్చి, ఇష్టపడి కలిసి ఉండే పెద్దవాళ్ళ విషయంలో దాన్ని ట్రాఫిక్ జరిమానా స్థాయికి తగ్గించారు. బలవంతం, మోసం, మైనర్లు ఉంటే మాత్రం ఇప్పటికీ పెద్ద నేరమే. ఈ ఇంటి పిల్లలు బడిలో "మా నాన్న" అనడానికి ముందు పక్కనెవరున్నారో చూసుకుని పెరిగారు.

అలాంటి ఇంట్లోకి 2010 సెప్టెంబరులో టీఎల్‌సీ చానల్ రియాలిటీ షో 'సిస్టర్ వైవ్స్' వచ్చింది. ఒకే భర్త ఉన్న భార్యలు ఒకరికొకరు 'సిస్టర్ వైఫ్' అవుతారు, ఆ పేరే షోకి పెట్టారు. యూటాలోని లీహై ఊళ్ళో కోడీ బ్రౌన్, ఆయన ముగ్గురు భార్యలు మెరీ, జనెల్, క్రిస్టీన్. ఆ మొదటి సీజన్‌లోనే నాలుగో ఆవిడ రాబిన్ వచ్చి చేరింది. ప్రసారం మొదలవగానే అక్కడి పోలీసులు విచారణ మొదలుపెట్టారు. 2011లో ఆ కుటుంబం నెవాడాకు తరలిపోయి, యూటా చట్టం మీద దావా వేసింది. 2013లో ఫెడరల్ జడ్జి ఆ చట్టంలో సహజీవనానికి సంబంధించిన భాగాన్ని కొట్టేశాడు. 2016లో పైకోర్టు, వీళ్ళ మీద కేసు పెట్టే ఉద్దేశమే లేదు కాబట్టి ఇక తేల్చడానికేమీ లేదంటూ ఆ తీర్పును పక్కన పెట్టింది. నా క్లయింట్ కుటుంబానికి ఈ కోర్టు సంగతులన్నీ కంఠతా వచ్చు. ఆదివారం రాత్రి పెద్దావిడ ఇంట్లో అందరూ కలిసి ఆ షో చూసేవాళ్ళు. తమలాంటి వాళ్ళు టీవీలో తలుపు తెరిచి మాట్లాడుతుంటే చూడటం వాళ్ళకు ఎలా ఉండేదో నడిపావిడ ఒకసారి చెప్పింది: "మా పెళ్ళి ఫోటో మొదటిసారి గోడకు తగిలించుకున్నట్టు."

2019 వేసవిలో ఒక టీవీ కంపెనీ వీళ్ళ దగ్గరికే వచ్చింది. ఆరు వారాలు నమూనా చిత్రీకరణ చేసింది. ఏ చానలూ కొనలేదు. కంపెనీ రెండు లింకులు పంపి సెలవు తీసుకుంది: ఒకటి కత్తిరించి కూర్చిన ఇరవై నిమిషాల ముక్క, రెండోది కత్తిరించని ఇంటర్వ్యూలు. మొదటిది అందరూ చూశారు. రెండోదాన్ని ఎవరూ తెరవలేదు.

ఏం చెప్పుకుంటూ వచ్చింది

నడిపావిడ 2022 జూన్‌లో ఇల్లు వదిలింది. ఇద్దరు చిన్నపిల్లలు ఆమెతో వచ్చారు. పెద్దపిల్లలిద్దరూ బడి మారడం ఇష్టంలేక పెద్దావిడ దగ్గరే ఉండిపోయారు. నా దగ్గరికి వచ్చింది అక్టోబరులో.

నిద్ర లేదు, కడుపులో మంట, ఏడుపు. డాక్టరు పరీక్షలన్నీ చేయించి నా దగ్గరికి పంపించాడు. మొదటి రోజు ఆమె చెప్పిన వాటిలో నేను వెంటనే రాసుకున్నది ఒకటుంది. సాయంత్రం అయిదయ్యేసరికి చేతులు వాటంతటవే వంటకు దిగుతాయట. ఉండేది ముగ్గురు, వండేది 15 మందికి. పది పౌండ్ల ఆలుగడ్డల సంచీ కొనడం మానలేకపోతోంది. ఇక్కడ ఫ్యూనరల్ పొటాటోస్ అనే వంటకం ఉంది. ఆలుగడ్డ తురుము, చీజు, మీద నలిపిన కార్న్‌ఫ్లేక్స్. చావు భోజనాల్లో పెడతారు కాబట్టి ఆ పేరొచ్చింది కానీ, మామూలు రోజుల్లోనూ తింటారు. బుధవారం వంట ఆమె వంతు. ఇప్పటికీ ప్రతి బుధవారం పెద్ద ట్రేలో అదే వండి, గురువారం పారేస్తోంది.

"వదిలేసి వచ్చింది నేనే. ఎవరూ తరమలేదు," అంది. "మరి ఎందుకు ఇంతలా ఏడుస్తున్నాను?"

అప్పుడే 'సిస్టర్ వైవ్స్'లో క్రిస్టీన్ ఇల్లు వదిలే సీజన్ వస్తోంది. క్రిస్టీన్ విడిపోయినట్టు లోకానికి చెప్పింది 2021 నవంబరులో. అది తెర మీదికి పూర్తిగా వచ్చేసరికి దాదాపు ఏడాది పట్టింది. ఈ టీవీ పెళ్ళిళ్ళలో దుఃఖం రెండుసార్లు వస్తుంది, ఒకసారి జరిగినప్పుడు, మరోసారి ప్రసారమైనప్పుడు. నా క్లయింట్ తన సొంత విడిపోవడాన్ని ఇంకొకరి ముఖం మీద ఆదివారం ఆదివారం చూస్తోంది. మానెయ్యమని చెప్పాలా అని ఆలోచించి, చెప్పలేదు. ఆమె దుఃఖానికి లోకంలో దొరికిన ఒకే ఒక్క సాక్ష్యం అది. దాన్ని తీసేసి బదులు ఇవ్వడానికి అప్పటికి నా దగ్గర ఏమీ లేదు.

క్లయింట్ ఎవరు

కుటుంబ థెరపీలో మొదట తేల్చుకోవాల్సింది ఇదే. కుటుంబం మొత్తాన్నీ క్లయింట్‌గా తీసుకుంటే నలుగురి రహస్యాలు నా దగ్గర పోగవుతాయి, ఎవరికి ఏది చెప్పకూడదో అన్న లెక్కలోనే నా సగం బుద్ధి ఖర్చవుతుంది. నడిపావిడ ఒక్కరినే తీసుకుంటే మిగతావాళ్ళు ఆమె చెప్పే కథలో పాత్రలవుతారు. రెండోదే ఎంచుకున్నాను. ఇంట్లోంచి బయటపడి నాలుగు నెలలే అయిన మనిషికి, మళ్ళీ తనొక ముక్కగా ఉండే గది కంటే తనది మాత్రమే అయిన గది ముందు కావాలనిపించింది. అవసరమైతే మిగతావాళ్ళని అతిథులుగా పిలుస్తాం, వాళ్ళకు ఆ సంగతి ముందే చెబుతాం అని రాసుకున్నాం.

అంతకన్నా ముందు భద్రత సంగతి అడిగాను. పెళ్ళి ఏ వయసులో, ఎవరి ఇష్టంతో, ఇంట్లో కొట్టడం ఉందా, ఆడపిల్లల్ని చిన్నప్పుడే ఇచ్చేయడం ఉందా. ఇక్కడ పిల్లల మీద హింస జరుగుతోందని అనుమానం వచ్చినా అధికారులకు చెప్పి తీరాలి, ఆ సంగతి అడిగేముందే ఆమెకు చెప్పాను. మైనర్ల మీద లైంగిక దాడి కేసులో ఎఫ్ఎల్‌డీఎస్ అనే ఫండమెంటలిస్టు గుంపు నాయకుడు వారెన్ జెఫ్స్‌కు 2011లో టెక్సాస్‌లో యావజ్జీవం పడింది. ఆ నీడ ఇక్కడి ప్రతి బహుభార్యా కుటుంబం మీదా పడుతుంది. ఈ ఇంటికి ఆ గుంపుతో చుట్టరికం లేదు, అలాంటివేవీ బయటపడలేదు. ఆమె నొచ్చుకుంది. నొచ్చుకున్నా అడగాల్సిందే.

సవతి

ఇక నా తప్పు.

మొదటి నాలుగు సెషన్లూ నేను అసూయ కోసం వెతికాను. చిన్నావిడ వచ్చాక ఏం మారింది? కోవిడ్ నెలల్లో ఆయన ఎవరింట్లో ఉన్నాడు? (చిన్నావిడ ఇంట్లోనే ఉన్నాడు, అది నిజమే.) పెద్దావిడకు చట్టబద్ధమైన స్థానం ఉంది, మీకు లేదు, ఎలా అనిపించేది? నేను అడిగినదానికల్లా ఆమె ఓపికగా జవాబు చెప్పింది. నా నోట్సులో అసూయ పేజీలకు పేజీలు పెరిగింది. ఆమెకు నిద్ర మాత్రం రాలేదు. మధ్యలో నిద్రవేళలు కట్టడి చేసే పద్ధతి ఒకటి ప్రయత్నించాం, వారం రోజుల్లో మానేశాం.

అయిదో సెషన్‌లో నేను పెద్దావిడను ఉద్దేశించి "ఆ ఇంకో భార్య" అన్నాను. ఆమె నన్ను ఆపింది. "మీరు ప్రతిసారీ అలాగే అంటున్నారు. ఆమె నాకు సిస్టర్ వైఫ్."

ఆ రాత్రి ఇంటికెళ్ళి ఆలోచిస్తే అర్థమైంది. నోటితో ఇంగ్లీషు మాట్లాడుతున్నాను, చెవితో 'సవతి' అని వింటున్నాను. మన భాషలో ఆ మాట పుట్టడమే పోరుతో పుట్టింది. సవతి పోరు, సవతి తల్లి, సవతి ప్రేమ. ఏది పట్టుకున్నా లోపల విషం ఉందనే అర్థం. నారదుడు తెచ్చిన ఒక్క పువ్వు రుక్మిణికి దక్కిందని సత్యభామ అలిగితే, ఆ అలక కథ వింటూ పెరిగాం మనం. రుక్మిణీ సత్యా కలిసి పచ్చడి నూరుకున్న కథ ఎవరూ చెప్పలేదు.

కానీ నేను చూడలేదా? మా ఊళ్ళో మా ఇంటి వెనక ఒక ముసలాయనకు ఇద్దరు భార్యలు, అక్కచెల్లెళ్ళే. 1955 హిందూ వివాహ చట్టానికి ముందు, పెద్దామెకు పిల్లలు కలగకపోతే చెల్లెల్ని తెచ్చి చేయడం అక్కడక్కడా ఉండేదే. నేను చూసేటప్పటికి ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఆ ఇద్దరు ముసలమ్మలూ ఒకే మంచం మీద కూర్చుని చింతపండు పిక్కలు తీస్తుండేవాళ్ళు. చెల్లెలు పోయిన ఏడాది తిరక్కుండానే అక్క పోయింది. "మొగుడు పోయినప్పుడు కూడా ఇంత కుంగలేదమ్మా," అనేది మా నాయనమ్మ. ఆ మాట ముప్పై అయిదేళ్ళు నా దగ్గర ఊరికే పడి ఉంది.

ఆరో సెషన్‌లో ఒకే ప్రశ్న అడిగాను: "ఆ ఇంట్లో మీరు వదిలి రాలేకపోయింది ఎవరిని?"

ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మొదలుపెట్టి, సమయం అయిపోయినా ఆపలేదు. మొదటి కాన్పులో రెండు రోజులు పక్కనుంది పెద్దావిడ. ఆమెకు పాలు పడకపోతే బిడ్డకు పాలిచ్చింది పెద్దావిడ. పెద్దావిడ తండ్రి చనిపోయినప్పుడు ఆమె పిల్లల్ని నెల రోజులు చూసుకుంది ఈమె. భర్త వారంలో రెండు రోజులుండే మనిషి. రోజూ ఉన్నది పెద్దావిడ.

ఆయన్ని పిలిస్తే

అయినా భర్తతో తేల్చుకోవాల్సినవి ఉన్నాయి. ఆయన్ని రెండు సెషన్లకు పిలిచాను. ఆమె తిరిగి వెళ్ళే ఆలోచన పూర్తిగా చచ్చిందా లేదా తెలియాలనేది నా ఉద్దేశం. ఆ సంగతి పది నిమిషాల్లో తెలిసిపోయింది: చచ్చింది. మిగతా సమయంలో నేను గమనించింది వేరే.

"ఆమె వెళ్ళిపోతోందని మీకు ఎప్పుడు తెలిసింది?" అని అడిగితే "జూన్‌లో" అనాలి మామూలు మనిషి. ఆయన "ఆమె వెళ్ళిపోతోందని నాకు తెలిసినప్పుడు, అది జూన్ నెల..." అని మొదలుపెట్టాడు. ప్రతి జవాబూ అంతే, నా ప్రశ్నను తన వాక్యంలో కలుపుకుని చెబుతాడు. కాసేపటికి ఆమె కూడా అలాగే మాట్లాడుతోంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోవడం లేదు, నన్ను కూడా సరిగ్గా చూడటం లేదు. నా భుజం పక్కన ఎక్కడో చూస్తున్నారు.

తర్వాత ఆమెను అడిగితే నవ్వింది. చిత్రీకరణలో ముందే నేర్పిస్తారట. అడిగేవాళ్ళ గొంతు కత్తిరించేస్తారు కాబట్టి ప్రశ్నను జవాబులో కలిపి చెప్పాలి. చూడాల్సింది కెమెరా పక్కన కూర్చున్న మనిషిని. ఆరు వారాలు చేసిన అభ్యాసం మూడేళ్ళ తర్వాత నా గదిలో సోఫా కనపడగానే తిరిగొచ్చింది.

మర్రే బోవెన్ అనే కుటుంబ చికిత్స పెద్దాయన చెప్పిన త్రికోణం సంగతి మా పాఠాల్లో మొదటిది. ఇద్దరి మధ్య ఒత్తిడి భరించరానిదైతే మూడో మనిషిని లాగుతారు. దానివల్ల ఉపశమనం ఉంటుంది, అసలు గొడవ తేలదు. ఈ రకం షోల కట్టుబడే అది. ఒక్కొక్కరూ విడివిడిగా సోఫాలో కూర్చుని, పక్కింట్లో ఉన్న మనిషి గురించి కెమెరాకు చెబుతారు. ఆ మనిషి దాన్ని నెలల తర్వాత టీవీలో వింటుంది. నేను ఆ త్రికోణంలో కెమెరా స్థానంలో కూర్చున్నాను. అది చూశాను, కానీ దానితో ఏం చేయాలో అప్పటికి నాకు తట్టలేదు. తట్టి ఉంటే తర్వాతి పొరపాటు జరిగేది కాదు.

వీడియో

నవంబరులో ఒక అర్ధరాత్రి నడిపావిడ ఆ రెండో లింకు తెరిచింది. అందులో పెద్దావిడ ఇంటర్వ్యూ గంటన్నర. నలభయ్యో నిమిషంలో ఎవరో అడిగినదానికి ఆమె ఇలా అంది: "ఆమెను మా ఆయన కంటే ముందు నేను ఎంచుకున్నాను. ఆమె రాకపోయి ఉంటే నేను ఈ పెళ్ళిలో మిగిలేదాన్ని కాదు."

మర్నాడు నా దగ్గరికి వచ్చి, ఇద్దరం కలిసి మీ గదిలో ఇది చూడాలి అంది. నేను రెండు వారాలు ఆలోచించాను. వద్దనడానికి కారణం: కెమెరాకు చెప్పిన మాటను మళ్ళీ తెర మీద వేస్తే పాత ఆటే కొనసాగుతుంది. సరే అనడానికి కారణం: అది ప్రేమ మాట, నింద కాదు. ప్రేమ మాట ఇద్దరూ కలిసి వింటే కట్ట తెగుతుందని ఆశపడ్డాను. సరే అన్నాను. పెద్దావిడకు ఫోన్ చేసి "ఒక వీడియో చూద్దామనుకుంటున్నాం" అని మాత్రమే చెప్పాను. ఏ వీడియో, అందులో ఏముంది, చూడటం ఇష్టమేనా, ఇవేవీ అడగలేదు. తప్పంతా అక్కడుంది.

నలభై సెకన్ల ముక్క వేశాం. నడిపావిడ ఏడుస్తూ, "ఇరవయ్యేళ్ళలో ఒక్కసారి నాతో అనలేదు నువ్వు. మైకు పెట్టిన కుర్రాడికి చెప్పావు," అంది. పెద్దావిడ ముఖం తెల్లబోయింది. "నీకు తెలుసనుకున్నాను," అంది. తర్వాత నా వైపు తిరిగి, "నన్ను పిలిచి నా మాటలతోనే నిలదీస్తారా?" అని బ్యాగు తీసుకుని వెళ్ళిపోయింది. మూడు నెలలు ఫోన్ ఎత్తలేదు.

ఆమె కోపం న్యాయమైనది. ఆమె అనుమతి లేకుండా ఆమె మాటను తెర మీద వేసినవాళ్ళలో నేను రెండోదాన్ని. కంపెనీ కనీసం కాగితం మీద సంతకం తీసుకుంది. క్షమాపణ చెబుతూ ఉత్తరం రాశాను, జవాబు అడగలేదు.

నాలుగు ఖాతాలు

ఆ మూడు నెలలూ నడిపావిడతో చేసిన పని మెల్లగా సాగింది గానీ, అసలు పని అదే. కుటుంబ పటం గీశాం. మామూలుగా ఇలాంటి ఇంటి పటం గీస్తే భర్త నడుమ, భార్యలు చుట్టూ వస్తారు. ఈసారి భర్తను తర్వాత గీద్దామని, ఆడవాళ్ళ మధ్య గీతలు ముందు గీయమన్నాను. పెద్దావిడకూ ఆమెకూ మధ్య గీసిన గీత కాగితం చిరిగేంత గట్టిగా పడింది. చిన్నావిడకు గీసింది సన్నగా, వంకరగా, కానీ గీసింది.

ఆమె దుఃఖాన్ని నాలుగు ఖాతాలుగా విడదీశాం: ఆయన, పెద్దావిడ, పిల్లలు, ఇల్లూ డబ్బూ. ఆమె అంతవరకూ 'వెళ్ళిపోయాను' అనే ఒక్క మాటలో నాలుగింటినీ కట్టేసింది. ఆయన ఖాతా మూసేసి చాలాకాలమైంది. దానికి ఏడుపు కూడా మిగల్లేదు. మిగతా మూడూ తెరిచే ఉన్నాయి.

డబ్బు ఖాతాకు నేను చాలను. కుటుంబ చట్టం తెలిసిన లాయరు దగ్గరికి పంపాను. అక్కడ ఆమెకు తెలిసింది: నమోదు కాని పెళ్ళికి విడాకులు లేవు, విడాకులు లేనిచోట భార్యగా ఆస్తిలో పంపకం లేదు. ఇల్లు ఆయన, పెద్దావిడ పేర్ల మీద ఉంది. పిల్లల పోషణ ఖర్చు మాత్రం తండ్రి ఇవ్వాల్సిందే, దానికి పెళ్ళితో పనిలేదు. బ్రౌన్ కుటుంబంలో కూడా ఆ కాగితం ఎంత బరువైందో అందరూ చూశారు. రాబిన్ పిల్లల్ని కోడీ దత్తత తీసుకునేందుకు 2014లో మెరీ తన చట్టబద్ధమైన పెళ్ళిని రద్దు చేసుకుంది, ఆయన రాబిన్‌ని నమోదు చేసుకున్నాడు. 2021 నవంబరులో క్రిస్టీన్, 2022 డిసెంబరులో జనెల్, 2023 జనవరిలో మెరీ విడిపోయినట్టు బయటికొచ్చింది. నాలుగింటిలో మిగిలింది కాగితం ఉన్న పెళ్ళి ఒక్కటే. కాగితం వల్లే మిగిలిందని నేను అనను. నా క్లయింట్ మాత్రం జనవరి వార్త చదివి, "మెరీ ఇచ్చేసిన కాగితం గురించే ఆలోచిస్తున్నాను," అంది.

పెద్దావిడ ఖాతాకు లాయరూ లేడు, చట్టమూ లేదు, మాట కూడా లేదు. పాలీన్ బాస్ అనే కుటుంబ శాస్త్రవేత్త ఎటూ తేలని నష్టం గురించి చెప్పింది: మనిషి పూర్తిగా పోనూ లేదు, పూర్తిగా ఉండనూ లేదు. యుద్ధంలో జాడ తెలియకుండా పోయిన సైనికుల ఇళ్ళను చూసి మొదలుపెట్టిన ఆలోచన అది. పెద్దావిడ పన్నెండు మైళ్ళ దూరంలో బతికే ఉంది. నడిపావిడ పెద్దపిల్లలిద్దరూ ఆమె వంటే తింటున్నారు. కానీ ఇద్దరూ ఒకరికొకరు ఇప్పుడు ఏమవుతారు? ఈ ప్రశ్నను ప్రశ్నగా గుర్తించిన వారంలోనే ఆమె మొదటిసారి ఆరు గంటలు నిద్రపోయింది. జవాబు దొరకలేదు, ఊరికే ప్రశ్న బయటికొచ్చింది, అంతే.

"మీరు ఏమవుతారు?"

ఫిబ్రవరిలో నడిపావిడ పెద్దకొడుకు మంచులో జారిపడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. పెద్దావిడ ఆసుపత్రికి తీసుకెళ్ళింది. సంతకం దగ్గర నర్సు అడిగింది: మీరు పిల్లాడికి ఏమవుతారు? పాలిచ్చి పెంచిన మనిషి, పదహారేళ్ళు రోజూ చూసిన మనిషి, చెప్పడానికి మాటలేక నిలబడిపోయింది. చివరికి తల్లికి ఫోన్ చేశారు.

ఆ సాయంత్రం పెద్దావిడ నాకు ఫోన్ చేసింది. "నాకు కౌన్సెలింగ్ వద్దు. ఆ కాగితం సంగతి తేల్చండి," అంది.

ఈసారి తొందరపడలేదు. ఆమె అడిగింది కాగితం, కాబట్టి కాగితమే మాట్లాడాం. పిల్లల వైద్యానికి, బడికి సంతకం పెట్టే అధికారం ఇచ్చే పత్రం లాయరు రాసిచ్చాడు. దాన్ని ఎలా వాడాలి, సెలవులు ఎవరింట్లో, బుధవారం వంట ఎవరిది, ఇవన్నీ మూడు సెషన్లలో తేల్చాం. గదిని మార్చేశాను. సోఫా తీసేసి రెండు కుర్చీలు ఎదురెదురుగా, మోకాళ్ళు తగిలేంత దగ్గరగా వేశాను. నేను వాళ్ళ చూపుకు అందకుండా పక్కగా, కాస్త వెనక్కి కూర్చున్నాను. నియమం ఒక్కటే: ఎదుటి మనిషి గురించి నాతో "ఆమె" అని చెప్పకూడదు, ఆమెతోనే "నువ్వు" అని చెప్పాలి. మొదటి రోజు పదే పదే నావైపు తిరిగేవాళ్ళు. నేను నా నోట్‌బుక్కులోకి చూస్తూ కూర్చునేదాన్ని. కాగితపు పనులు మాట్లాడుకోవడంలోనే ఆ చూపు అలవాటైంది. పెద్ద మాటలతో మొదలుపెట్టి ఉంటే ఆ కుర్చీల్లో పది నిమిషాలు కూడా కూర్చునేవాళ్ళు కారు.

నాలుగోసారి కలిసినప్పుడు పత్రాలన్నీ అయిపోయాయి. లేవబోతూ పెద్దావిడ మళ్ళీ కూర్చుంది.

వాళ్ళ పెళ్ళిళ్ళలో ఒక పద్ధతి ఉంది. కొత్త భార్య చేతిని మొదటి భార్యే తీసుకుని భర్త కుడిచేతిలో పెడుతుంది. మన కన్యాదానంలో తండ్రి చేసే పని అక్కడ పెద్ద భార్య చేస్తుంది. గుంపుల్లో ఉండేవాళ్ళకు పెళ్ళి తెగాలంటే పెద్దల దగ్గర విడుదల అడగాలి. ఇండిపెండెంట్లకు ఆ పెద్దలు లేరు. నడిపావిడ తొమ్మిది నెలలుగా దేవుడి లెక్కలో ఇంకా ఆ ఇంటి భార్యే. ఈ సంగతి నాతో ఎప్పుడూ చెప్పలేదు, నేను అడగాలని కూడా తెలియలేదు.

"నీ చేయి ఆయన చేతిలో పెట్టింది నేను," అంది పెద్దావిడ. "తీసుకోవాల్సింది కూడా నేనే అనుకుంటా."

ఆమె చేయి పట్టుకుని తన ఒడిలో పెట్టుకుంది. ఎవరూ ఏమీ అనలేదు. నాకు ఏదో అనాలనిపించింది, మా వృత్తిలో అలాంటి చోట ఏదో అనడం అలవాటు. నోరు మూసుకున్నాను. ఈ కేసులో నేను సరిగ్గా చేసిన పనుల్లో అది ముఖ్యమైనది. ఇది నా సలహా కాదు కాబట్టే పనిచేసింది. నేను ముందే ఏదో వీడ్కోలు తంతు తయారుచేసి ఇచ్చి ఉంటే అది ఇంకో చిత్రీకరణ అయ్యేది.

ఆయన అక్కడ ఉండాలా అని తర్వాత ముగ్గురం మాట్లాడుకున్నాం. పెద్దావిడ ఇంటికెళ్ళి ఆయనకు చెప్పింది. ఆయన కొంచెంసేపు ఊరుకుని, సరే అన్నాడట. నాకు అంతవరకే తెలుసు. చిన్నావిడ వైపు కథ నాకు దాదాపు తెలియదు. ఇది రాసేటప్పుడు కూడా అది ఒక లోటుగానే ఉంది.

తర్వాత

ఈ కేసు తర్వాత మొదటి రోజు నేనిచ్చే ఫారంలో రెండు ప్రశ్నలు చేర్చాను. ఒకటి: ఈ ఇంట్లో మీరు వదల్లేనిది ఎవరిని? రెండు: మీ ఇంటి మాటలు ఎక్కడైనా రికార్డయి ఉన్నాయా, అవి ఎవరి చేతిలో ఉన్నాయి? రెండోది యూట్యూబులో ఇల్లు చూపించే జంటలకు బాగా పనికొస్తోంది. మొదటిది మన తెలుగువాళ్ళకు. అన్నదమ్ములిద్దరూ ఒకే ఇంట్లో కాపురముండి విడిపోయాక, ఒక కోడలు నిద్ర పట్టడం లేదని వచ్చింది. తోటికోడలితో పడకే విడిపోయారని ఇంట్లో అందరూ అన్నారట. మొదటి ప్రశ్నకు ఆమె రాసిన జవాబు ఆ తోటికోడలి పేరే.

నడిపావిడ ఇప్పుడు అయిదు పౌండ్ల సంచీ కొంటోంది. బుధవారం ఆ ట్రే తీసుకుని పన్నెండు మైళ్ళు వెళుతుంది, నెలలో రెండుసార్లు. మిగతా బుధవారాలు పిల్లలతో పిజ్జా.

తేలనిది ఒకటి మిగిలింది. ఆ ఫుటేజీ ఇంకా కంపెనీ దగ్గరే ఉంది, ఒప్పందం ప్రకారం వాళ్ళదే. ఏదో ఒక రోజు ఎవరైనా కొని ప్రసారం చేస్తే? చివరి సెషన్‌లో దానికి ఒక కాగితం రాసుకున్నాం: ఆ రోజు ముందు ఏం చేయాలి, పిల్లలకు ఎవరు చెప్పాలి, ఎవరెవరికి ఫోన్ చేయాలి. ఆమె ఫ్రిజ్ మీద అంటించుకుంది. అందులో నా నెంబరు మూడోది. లాయరుది రెండోది. మొదటిది పెద్దావిడది.